మార్చి 10, ట్యాంక్‌బండ్ (హుస్సేన్‌సాగర్ కట్ట) చుట్టుపక్కల ఉన్నవాళ్లు కంటితో చూసింది ఇక్కడ రాయండి

దోమలగూడ_మేడ | 10 మార్చి 2011, ఉదయం 6:40
నేను ఇందిరా పార్కు వెనకాల ఉంటాను. ప్రత్యేక తెలంగాణ కోసం జేఏసీ (ఉద్యమ సంఘాల ఐక్య కార్యాచరణ సమితి) పిలుపిచ్చిన మిలియన్ మార్చ్ ఇవాళ ట్యాంక్‌బండ్ మీదే. రాత్రి నుంచి ఒక చానల్ చెప్పేదానికి ఇంకో చానల్ చెప్పేదానికి పొంతన లేదు. మనలో చాలామంది ట్యాంక్‌బండ్‌కు నాలుగు పక్కలా ఉన్నాం కదా, ఎవరి గల్లీలో ఏం జరుగుతోందో వాళ్లు రాస్తే మిగతావాళ్లకు పనికొస్తుంది. ఎక్కడున్నారో, టైమ్ ఎంతైందో రాయండి. చూసింది చూసినట్టు రాయండి. విన్నదైతే "విన్నాను" అని రాయండి. రాష్ట్రం ఇవ్వాలా వద్దా అన్న చర్చకు వేరే థ్రెడ్లు చాలా ఉన్నాయి, అది అక్కడ మాట్లాడుకుందాం.

మా వైపు సంగతి: లోయర్ ట్యాంక్‌బండ్‌కు వెళ్లే దారిలో రాత్రి పదకొండుకే ఇనుప బారికేడ్లు దించారు. పొద్దున లేచి చూస్తే వాటి ముందు ముళ్ల కంచె చుట్టలు. పాలబ్బాయి సైకిల్ అవతలే వదిలేసి, క్యాను భుజాన పెట్టుకుని వచ్చాడు.

కవాడిగూడ_అమ్మ | ఉదయం 7:05
మా వాడికి ఇవాళ ఇంటర్ సెకండియర్ పేపర్ ఉంది. సెంటర్ హిమాయత్‌నగర్‌లో పడింది. మామూలుగా ఆటోలో పది నిమిషాల దారి. ఇవాళ ఏ ఆటో అతనూ రానంటున్నాడు. పరీక్షల కోసమే మార్చ్‌ను మధ్యాహ్నానికి మార్చామని జేఏసీ వాళ్లు చెప్పారు, సంతోషం. కానీ దారులు రాత్రే మూసేశారు కదా. లిబర్టీ చౌరస్తా వైపు నడిచి వెళ్లనిస్తున్నారా? ఎవరైనా చూసినవాళ్లు ఉంటే వెంటనే చెప్పండి.

అశోక్‌నగర్_రూం6 | ఉదయం 7:12
అక్కా, లిబర్టీ దాకా వెళ్లొద్దు. గగన్‌మహల్ రోడ్డులోంచి వెళ్లండి, నేను ఇప్పుడే టీ తాగడానికి అటు వెళ్లొచ్చాను. హాల్‌టికెట్ చేతిలోనే పట్టుకోమనండి. బ్యాగులో పెట్టుకున్న కుర్రాణ్ని ఆపి, బ్యాగంతా విప్పించారు.

తార్నాక_బస్‌స్టాప్ | ఉదయం 7:40
ఎంఎంటీఎస్ లేదు. సిటీ బస్సులు నేను నిలబడ్డ ఇరవై నిమిషాల్లో రెండే వచ్చాయి, రెండూ డిపోకే. ఓయూ (ఉస్మానియా యూనివర్సిటీ) ఎన్‌సీసీ గేటు దగ్గర వరసగా పోలీసు వ్యాన్లు, గుంపుల్ని చెదరగొట్టే వజ్ర వాహనం. హాస్టళ్ల పిల్లలు ఆర్ట్స్ కాలేజీ దగ్గర గుమిగూడుతున్నారని విన్నాను, లోపలికి వెళ్లి చూడలేదు.

జనగామ_కూకట్‌పల్లి | ఉదయం 8:10
మా తమ్ముడు నిన్న సాయంత్రం జనగామ నుంచి బయలుదేరాడు. రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి, "అన్నా, దారిలోనే దింపిండ్రు, ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టిండ్రు" అన్నాడు. తనతో పాటు ఇంకో అరవై మంది దాకా ఉన్నారట. కేసు ఏమీ లేదు, ముందస్తు అరెస్టట. వాడు బట్టల దుకాణంలో పనిచేస్తాడు, జేబులో ఒక గులాబీ కండువా తప్ప ఇంకేమీ లేదు. మా ఊళ్లలో ఈ రెండు రోజులుగా ఇంటింటికీ తిరిగి యువకుల పేర్లు రాసుకుపోయారు. సిటీలో ఉన్నవాళ్లకు బారికేడ్లే కనిపిస్తాయి, వాటి వెనక ఇదీ ఉంది అని చెప్పడానికే రాస్తున్నా.

కవాడిగూడ_అమ్మ | ఉదయం 8:55
చేరాడు. గగన్‌మహల్ దారి చెప్పిన బాబుకు వెయ్యి దండాలు. మూడు చోట్ల ఆపారు. చివరి చోట ఒక హెడ్ కానిస్టేబుల్, "అమ్మా, మా అమ్మాయికి కూడా ఇవాళే పరీక్ష, దింపడానికి కూడా వెళ్లలేకపోయాను" అంటూ తనే కంచె పక్కకు జరిపాడు.

1969_సికింద్రాబాద్ | ఉదయం 9:30
1969 తెలంగాణ ఉద్యమం అప్పుడు నేను పీయూసీ (డిగ్రీకి ముందు కోర్సు) చదువుతున్నాను. క్లాక్‌టవర్ దగ్గర పరిగెత్తిన వాళ్లలో ఒకణ్ని. ఆ ఏడాది మాకు చదువు సాగలేదు. గన్‌పార్కులో అప్పటి అమరుల స్తూపం ఉంది చూశారా, దాని ముందునుంచి బస్సులో వెళ్లినప్పుడల్లా మా క్లాస్‌మేట్ ఒకడు గుర్తొస్తాడు. ఈ ఉదయం బాల్కనీలో నిలబడితే రాణీగంజ్ వైపు రోడ్డు అంతా ఖాళీ. నలభై రెండేళ్ల కింద కూడా సరిగ్గా ఇలాగే ఉండేది, గుంపు రాకముందు.

పిల్లలు వెళ్లేవాళ్లుంటే ఒక్క మాట. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. తడి రుమాలు జేబులో పెట్టుకోండి. ఇంట్లో చెప్పి వెళ్లండి.

శాలిబండ_నుంచి | ఉదయం 10:15
పాతబస్తీలో దుకాణాలు సగం తెరిచారు. మాకు కర్ఫ్యూ కొత్త కాదు, పోయినేడాది మార్చి చివర్లో కూడా రోజుల తరబడి లోపలే ఉన్నాం. కాబట్టి అనుభవంతో చెబుతున్నా: నీళ్లు నింపి పెట్టుకోండి, ఫోన్లు చార్జ్ చేసుకోండి, ముసలివాళ్ల బీపీ, షుగర్ మందులు కనీసం నాలుగు రోజులకు సరిపడా చూసుకోండి. మెడికల్ షాపే ముందు మూతపడుతుంది.

గాంధీనగర్_గుంటూరు | మధ్యాహ్నం 12:20
నేను ఇక్కడికి 1988లో వచ్చాను. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. మా అపార్ట్‌మెంట్‌లో పన్నెండు ఇళ్లు, సగం మంది ఇటు తెలంగాణవాళ్లు, సగం అటు ఆంధ్రవాళ్లు. 2009 డిసెంబరు దాకా ఈ లెక్క మాకు తెలియదు. 9న అర్ధరాత్రి దగ్గర పడుతుండగా కేంద్ర హోం మంత్రి చిదంబరం గారు తెలంగాణ ఏర్పాటు మొదలుపెడతామని ప్రకటన చేశారు, కింద టపాకాయలు పేలాయి. 23న దాన్ని ఆపుతూ మళ్లీ ఇంకో ప్రకటన, కింద రాళ్లు పడ్డాయి. ఆ రెండు వారాల్లోనే ఎవరు ఎటువాళ్లో అందరికీ తెలిసిపోయింది.

ఇవాళ ఎదురింటి వరంగల్ మాస్టారు పొద్దున్నే తలుపు కొట్టి, "మీరు బయటికి పోకండి, కూరగాయలు ఏమన్నా కావాలంటే మా వాణ్ని పంపిస్త" అన్నారు. ఆయన మాత్రం తెల్ల లాల్చీ వేసుకుని మార్చ్‌కు బయలుదేరారు. జాగ్రత్త మాస్టారూ అన్నాను. మనసులో మాట చెబుతున్నా, ఆయన కోరుకునేది రావాలని నేను కోరుకోవడం లేదు. కానీ ఆయన క్షేమంగా రావాలని కోరుకుంటున్నాను.

అశోక్‌నగర్_రూం6 | మధ్యాహ్నం 1:35
దాటేశారు! నేను ఇందిరా పార్కు మూల దగ్గర ఉన్నాను. ఇప్పటిదాకా పదిమంది, ఇరవైమందిగా గల్లీల్లో ఉన్నవాళ్లు ఒక్కసారిగా బయటికొచ్చారు. ఎక్కడినుంచి వచ్చారో అర్థం కాలేదు. పెళ్లివాళ్లలా తయారై వచ్చిన బృందం కూడా ఉందని పక్కన అంటున్నారు, అది నేను చూడలేదు. నేను చూసింది: నలభై, యాభై ఏళ్ల ఆడవాళ్లు చేతుల్లో బతుకమ్మలతో కంచె మీద గోనె సంచులు పరిచి దాటడం. ఒకావిడ కొంగు ముళ్లకు చిక్కుకుంటే పోలీసతనే విడిపించాడు.

దోమలగూడ_మేడ | మధ్యాహ్నం 2:10
మా మేడ మీది నుంచి కట్ట కనిపిస్తుంది. ఇప్పుడు అంతా తలలే. డప్పుల చప్పుడు ఇక్కడికి స్పష్టంగా వినిపిస్తోంది. రెండు సార్లు తెల్లటి పొగ లేచింది, గాలి ఇటు తిరిగేసరికి మాకూ కళ్లు మండాయి. కింద వాచ్‌మన్ భార్య బకెట్‌తో నీళ్లు పెట్టి, వచ్చినవాళ్ల మొహం మీద చల్లుతోంది. వాళ్లది శ్రీకాకుళం. అడిగితే, "మండుతుంటే ఊరేంటండీ" అంది.

న్యూజెర్సీ_నల్లకుంట | మధ్యాహ్నం 2:40
ఇక్కడ తెల్లవారుజాము నాలుగు దాటింది. నాన్నగారు నల్లకుంటలో ఒక్కరే ఉంటారు, ఫోన్ ఎత్తడం లేదు. మధ్యాహ్నం డయాలసిస్ ఉంది ఆయనకు. టీవీలో ఒకే మంట, ఒకే జీపు, మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు. నల్లకుంట వైపు ఎవరైనా ఉన్నారా? దయచేసి చెప్పండి.

తార్నాక_బస్‌స్టాప్ | మధ్యాహ్నం 2:48
అన్నా, నేను విద్యానగర్‌లో ఉన్నాను, నడుచుకుంటూ వెళ్తా. అడ్రస్ ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా మెసేజ్ చేయండి.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్ | మధ్యాహ్నం 3:05
కాల్పులు జరిగాయట! ఇద్దరు పోయారట! మా ఆఫీసులో అందరికీ ఎస్సెమ్మెస్ వచ్చింది. అందరికీ పంపండి.

దోమలగూడ_మేడ | మధ్యాహ్నం 3:08
ఎవరు చూశారు? ఎక్కడ? చూసినవాళ్లు లేకపోతే దయచేసి ఎవరికీ పంపకండి. ఈ ఊళ్లో ప్రాణం పోయిందన్న మాటకు ఏమవుతుందో 2009 నుంచి చూస్తున్నాం. నవంబరు 29న ఎల్బీనగర్‌లో శ్రీకాంతాచారి తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్నాడు, డిసెంబరు 3న పోయాడు. ఆ తర్వాత ఎంతమంది పిల్లలు అదే దారి పట్టారో మనందరికీ తెలుసు. పుకారు ఒక హాస్టల్ గదికి చేరితే అక్కడున్న పిల్లవాడు ఏం చేసుకుంటాడో మనకు తెలియదు. ఆ మెసేజ్ పంపినవాళ్లకు ఆ ఊహ ఉందా?

అశోక్‌నగర్_రూం6 | మధ్యాహ్నం 3:20
నేను కట్ట మీదే ఉన్నాను. తుపాకీ కాల్పులు నేను చూడలేదు, నా చుట్టూ ఎవరూ చూడలేదు. బాష్పవాయువు గోళాలు పేలిన చప్పుడు మాత్రం చాలాసార్లు వచ్చింది. కొత్తవాళ్లకు తుపాకీ అనిపిస్తుంది. లాఠీ దెబ్బలు తగిలినవాళ్లను నలుగురిని చూశాను, ఒకతనికి నుదురు పగిలింది. మీడియా వాళ్ల వ్యాను ఒకటి కాలుతోంది. కాంగ్రెస్ ఎంపీలు కేశవరావు గారు, మధు యాష్కీ వస్తే జనం తిరగబడ్డారు, సీసాలు విసిరారు. వాళ్లూ తెలంగాణ కోసం మాట్లాడేవాళ్లే. కాంగ్రెస్ వాళ్ల మీద కోపం ఎంత ఉందో అక్కడ చూశాను.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్ | మధ్యాహ్నం 3:31
క్షమించండి. నేను పంపిన ముప్ఫై మందికీ తప్పని మళ్లీ మెసేజ్ పెట్టాను.

తార్నాక_బస్‌స్టాప్ | సాయంత్రం 4:02
నల్లకుంట అన్నకు: నాన్నగారు బాగున్నారు. ఫోన్ చార్జింగ్ అయిపోయింది, అంతే. డయాలసిస్‌కు ఆటో దొరక్క పొద్దుటి నుంచి తయారై కూర్చున్నారు. పక్కింటివాళ్ల బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని, గల్లీల్లోంచి ఆసుపత్రికి తీసుకొచ్చాం. ఇప్పుడు బెడ్ మీద ఉన్నారు. నా ఫోన్‌లోంచి మాట్లాడిస్తాను, నెంబరు పంపాను.

గాంధీనగర్_గుంటూరు | సాయంత్రం 4:45
టీవీ ముందు కూర్చుని ఏడుస్తున్నాను. కట్ట మీది తెలుగు మహనీయుల విగ్రహాలు పడగొడుతున్నారు. తాళ్లు కట్టి లాగుతున్నారు. శ్రీశ్రీ. అన్నమయ్య. ఎర్రన. జాషువా! ఊరి బయట కూర్చోబెట్టిన కులంలో పుట్టి, జీవితమంతా అవమానం మీద పద్యం రాసినవాడు జాషువా. ఆయన ఎవరి ఉద్యోగం తీసుకున్నాడు? ఎవరి నీళ్లు మళ్లించుకున్నాడు? మా పిల్లలకు నడక వచ్చిందే ఆ కట్ట మీద. ఆదివారం సాయంత్రం ఒక్కో పీఠం దగ్గర ఆగి పేర్లు చదివించేవాణ్ని. మా పెద్దవాడికి తెలుగు అక్షరాలు సగం ఆ పీఠాల మీదే వచ్చాయి.

జనగామ_కూకట్‌పల్లి | సాయంత్రం 5:10
సార్, మీ బాధ నిజం. కానీ ఒక మాట అడుగుతా. ఆ ముప్ఫై మూడు విగ్రహాల్లో మావాళ్లు ఎంతమంది? పోతన ఉన్నాడు, రుద్రమ ఉంది, సురవరం ఉన్నాడు, మఖ్దూం ఉన్నాడు. లెక్కపెడితే చేతివేళ్లు ఎక్కువైతయి. కొమురం భీం ఏడి? చాకలి ఐలమ్మ ఏది? మా జిల్లాలో ఆమె పేరు తెలియని ఇల్లు లేదు. మా ఊరినుంచి సిటీకి వచ్చినవాడు ఆ కట్ట మీద నడిస్తే, ఇది మనది కాదు అనిపించేట్టు పెట్టారు. పిల్లలు తగలబెట్టుకుని చనిపోయినప్పుడు ఇంత ఏడుపు టీవీల్లో నాకు కనిపించలే. విగ్రహం పడితే మాత్రం రాత్రంతా చర్చలు.

తార్నాక_బస్‌స్టాప్ | సాయంత్రం 5:40
జనగామ అన్నా, మీరన్న లెక్క నూటికి నూరుపాళ్లు నిజం. ఆ పీఠాల మీద ఎవరుండాలన్నది ఎవరు నిర్ణయించారో అడగాలి, గట్టిగా అడగాలి. నేను ఈ ఉద్యమంలో 2009 నుంచి ఉన్నాను, మొన్నటి ఉద్యోగుల సహాయ నిరాకరణలో పదహారు రోజులు జీతం పోగొట్టుకున్నాను. మొన్న 1న రైల్‌రోకోలో పట్టాల మీద కూర్చున్నాను. కానీ జాషువాను లాగిన తాడు నాది కాదు. ఐలమ్మ విగ్రహం కావాలంటే ఐలమ్మది పెట్టమని కొట్లాడుదాం. శ్రీశ్రీని చెరువులో వేస్తే ఐలమ్మ కట్టెక్కదు. ఇంకోటి, రేపు పేపర్లలో ఏముంటుంది? కొంగు చిక్కుకున్నా కంచె దాటిన ఆ అక్కలు ఉండరు, ఫంక్షన్ హాల్లో రాత్రంతా కూర్చున్న మీ తమ్ముడు ఉండడు. అన్నీ విగ్రహాలే ఉంటాయి. ఇంత అణచివేతను దాటుకుని జనం వచ్చిన రోజు ఇది. ఆ సంగతే కనిపించకుండా పోతుంది.

గాంధీనగర్_గుంటూరు | సాయంత్రం 6:15
జనగామ తమ్ముడూ, పిల్లలు పోయినప్పుడు నేనూ ఇంట్లో మౌనంగానే ఉన్నాను. ఏం మాట్లాడితే ఏ అర్థం వస్తుందోనని భయపడ్డాను. మీరు అన్నది తగలాల్సిన చోటే తగిలింది. అయినా ఇవాళ్టిది తప్పే అంటాను.

మాస్టారు ఇంకా రాలేదు. వాళ్ల ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది.

కవాడిగూడ_అమ్మ | సాయంత్రం 6:40
మా వాడు ఇప్పుడే ఇల్లు చేరాడు. పన్నెండుకే పరీక్ష అయిపోయింది, కానీ బయట పరిస్థితి చూసి సెంటర్‌లో మేడమ్స్ ఆ వైపు పిల్లలెవర్నీ వదల్లేదు. తమ టిఫిన్ డబ్బాలు పంచి పెట్టారట. నలభై మంది పిల్లలకు ఏడు డబ్బాలు. మా వాడికి అరచేతిలో ఇంత పులిహోర వచ్చిందట. ఆరింటికి ఇద్దరు సార్లు పిల్లల్ని వరసగా నడిపించుకుని గల్లీ గల్లీ తిరిగి ఇళ్లకు దింపారు. ఒక సారు తెలంగాణ జేఏసీలో ఉంటారని, కండువా జేబులో కుక్కుకుని వచ్చారని మా వాడు చెప్పాడు. చొక్కా అంతా పొగ వాసన.

గాంధీనగర్_గుంటూరు | రాత్రి 8:20
మాస్టారు వచ్చారు. మోకాలి చిప్ప కమిలింది, లాఠీ కాదు, తోపులాటలో పడ్డారట. చెప్పులు పోయాయి. మా ఆవిడ కాపడం పెట్టడానికి ఉప్పు మూట కట్టి పంపింది. తలుపు దగ్గర నిలబడి ఆయనే ముందు అన్నారు, "పోతనకు ఏమీ కాలేదు గానీ, నన్నయ, ఎర్రన పోయిండ్రు సార్. నేను ముప్ఫై ఏండ్లు పాఠం చెప్పిన." అంతకు మించి ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేకపోయాం.

కట్టమీద_వాకర్ | 11 మార్చి, ఉదయం 7:50
నేను ఈ థ్రెడ్ చదువుతున్నానే గానీ నిన్న రాయలేదు. పదిహేనేళ్లుగా రోజూ పొద్దున కట్ట మీద నడుస్తాను. ఇవాళ రాణీగంజ్ వైపు నుంచి కొంతదూరం రానిచ్చారు. చూసింది రాస్తాను.

రోడ్డంతా ఇటుక ముక్కలు, సీసాలు, జతలేని చెప్పులు. చెప్పులే ఎక్కువ. ఆడవాళ్లవి, మగవాళ్లవి, ఒక చిన్నపిల్ల సాండల్ కూడా. నలిగిన బంతిపూలు, తంగేడు పూలు, బతుకమ్మ పేర్చిన ఇత్తడి తాంబాళం ఒకటి సొట్టపోయి ఉంది. ఒక పీఠం మీద రెండు పాదాలు మాత్రం మిగిలాయి. వాటి మీద ఎవరో అప్పటికే ఒక మందారం పెట్టి వెళ్లారు. ఎవరు పెట్టారో, ఎటువాళ్లో నాకు తెలియదు. కొంచెం ముందుకు వెళితే చెరువు అంచు రాళ్ల మీద ఒక విగ్రహం బోర్లా పడి ఉంది, వీపే కనిపిస్తోంది కాబట్టి ఎవరిదో చెప్పలేను. మున్సిపాలిటీ చీపురు అమ్మలు ఇద్దరు ఊడుస్తూ, విగ్రహం ముక్కలు వచ్చినచోట చీపురు పక్కన పెట్టి, చేత్తో ఏరి గోడ పక్కన పెడుతున్నారు. చెత్తబండిలో వేయలేదు. ఎందుకమ్మా అని అడిగాను. "దేవుడో మనిషో, చీపురు తగలొద్దు కదా సారూ" అంది పెద్దావిడ.

బుద్ధుడు నీళ్ల మధ్య ఎప్పటిలాగే ఉన్నాడు.

1969_సికింద్రాబాద్ | ఉదయం 9:10
నాతో పాటు పరిగెత్తినవాళ్లలో కొందరు తర్వాత పెద్ద పదవుల్లోకి వెళ్లారు, కొందరు స్తూపం మీద అంకెలో కలిసిపోయారు. 1969లో ఇలా రాసిపెట్టినవాళ్లు లేరు. ఏ వీధిలో ఎవరు ఎవరికి నీళ్లు ఇచ్చారో, ఎవరి పిల్లను ఎవరు ఇంటికి చేర్చారో ఎక్కడా లేదు. ఎన్ని రౌండ్లు పేల్చారో మాత్రం ఫైళ్లలో ఉంది. బాబూ దోమలగూడ, ఈ థ్రెడ్ తీసేయకు.

న్యూజెర్సీ_నల్లకుంట | మధ్యాహ్నం 12:30
నాన్నగారితో రాత్రంతా మాట్లాడాను. తార్నాక తమ్ముడికి ఏం చెప్పాలో తెలియడం లేదు. నేను ఇక్కడ కూర్చుని రెండేళ్లుగా ఆన్‌లైన్‌లో సమైక్యాంధ్ర అని రాస్తున్నవాణ్ని, నా పాత పోస్టులు చూస్తే తెలుస్తుంది. నాన్నను మోసుకెళ్లింది ఎవరో ఇప్పుడు తెలిసింది. నా అభిప్రాయం ఒక్కరోజులో మారిందని అబద్ధం చెప్పను. కానీ అప్పట్లో రాసిన కొన్ని మాటలు ఇవాళ చదువుకుంటే చేతులు వణికాయి, వాటిని తీసేస్తున్నాను.

ఇప్పుడే జపాన్‌లో సునామీ అంటున్నారు. చానళ్లన్నీ అటు తిరిగాయి.

జనగామ_కూకట్‌పల్లి | సాయంత్రం 5:25
తమ్ముణ్ని మధ్యాహ్నం వదిలారు. సంతకం పెట్టించుకుని పంపారట. రెండు పూటలు తిండి పెట్టారు, కొట్టలేదు అన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కాబట్టి అదీ రాస్తున్నా. దుకాణంలో మాత్రం రేపటినుంచి రావొద్దన్నారట.

గుంటూరు సార్‌కు: నిన్న నేను కొంచెం గట్టిగా రాశాను. మాట వెనక్కి తీసుకోను, గొంతు మాత్రం తగ్గించి ఉండాల్సింది.

గాంధీనగర్_గుంటూరు | సాయంత్రం 6:00
తమ్ముడి పని సంగతి నాకు విడిగా రాయండి. మా తోడల్లుడికి కోఠిలో బట్టల కొట్టు ఉంది. అడిగి చూస్తాను, మాట ఇవ్వలేను.

కవాడిగూడ_అమ్మ | రాత్రి 9:15
రేపు శనివారం మా వాడికి ఇంకో పేపర్ ఉంది. అదే సెంటర్. లిబర్టీ వైపు తెరిచారా?

అశోక్‌నగర్_రూం6 | రాత్రి 9:22
తెరిచారక్కా. బారికేడ్లు ఫుట్‌పాత్ మీదికి జరిపారు, బస్సులు పోతున్నాయి. అయినా ఎనిమిదికల్లా బయలుదేరండి. నేను గగన్‌మహల్ మూల దగ్గర టీ బండి పక్కనే ఉంటా, ఏదైనా తేడా వస్తే ఏడున్నరకే ఇక్కడ రాస్తాను.